యూనివర్సిటీ ఫిల్మ్ సొసైటీలో పదహారేళ్లవాళ్లకు పనేముంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఉమ్మడి గోదావరి జిల్లాలవే, అడిగినవన్నీ ఫిల్మ్ సొసైటీల గురించే. ఒక్కో ఉత్తరం, దాని కిందే నా జవాబు. తెలియనివాళ్ల కోసం ముందుగా ఒక మాట. సభ్యులు కలిసి మంచి సినిమాలు తెప్పించుకుని చూసి, తర్వాత వాటి గురించి మాట్లాడుకునే సంఘమే ఫిల్మ్ సొసైటీ. టిక్కెట్టు వ్యాపారంతో దానికి సంబంధం లేదు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవాళ్లు కలకత్తాలో ఇలాంటిది పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పడింది, దానికి తొలి అధ్యక్షుడు రాయే. యూనివర్సిటీల్లో విద్యార్థులు నడుపుకునేవి ఈ కోవలోవే.

మాది అమలాపురం. ఇంటర్ మొదటి సంవత్సరం, పదహారేళ్లు. కాకినాడలో యూనివర్సిటీ విద్యార్థులు శనివారాలు సినిమా వేసుకుని తర్వాత చర్చ పెడతారని మా అక్క స్నేహితురాలు చెప్పింది. నేనూ చేరొచ్చా? ఎవర్ని అడగాలి?

సభ్యత్వం దొరక్కపోవచ్చు గానీ పని మాత్రం దొరుకుతుంది. పని దొరికాక మిగతావి వాటంతటవే వస్తాయి.

సభ్యత్వం ఎందుకు కష్టమో తెలిస్తే అడగడం తేలికవుతుంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. సంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేసుకోవచ్చు, హక్కుదారు అనుమతి అక్కర్లేదు. అయితే చూసేవాళ్లు ఆ సంస్థ విద్యార్థులు, సిబ్బంది, విద్యార్థుల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయి ఉండాలి. బయటివాళ్లను పిలిచారంటే ఆ వెసులుబాటు పోయినట్టే. కాబట్టి గేటు దగ్గర ఐడీ కార్డు అడిగే కుర్రాడి మీద కోపం తెచ్చుకోకండి. అతను సొసైటీని కాపాడుతున్నాడు.

మరి మీకు దారి ఎక్కడంటే, హక్కుదారు దగ్గర అనుమతి తీసుకుని వేసే సినిమాలకు, ఆ విద్యార్థులే తీసిన షార్ట్ ఫిల్ములకు, కాపీరైట్ గడువు తీరిన పాత సినిమాలకు బయటివాళ్లనూ రానివ్వొచ్చు. అందుకని "నేను రావచ్చా?" అని అడగకుండా "ఈ సెమిస్టర్‌లో బయటి విద్యార్థులు రాగలిగిన ప్రదర్శనలు ఏవండీ?" అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం వాళ్లకీ సులువు. సినిమాకు ముందు జరిగే పనులు, తర్వాత జరిగే వర్క్‌షాపులు, షార్ట్ ఫిల్ముల షూటింగులు ఈ లెక్కలోకే రావు. అక్కడ ఎప్పుడూ మనుషులు చాలరు.

విద్యార్థి సంఘాలకు సాధారణంగా ఒక అధ్యాపకుడు బాధ్యులుగా ఉంటారు. ఉత్తరం ఆయనకే, మీ ప్రిన్సిపాల్ ద్వారా పంపండి. ఇన్‌స్టాలో విద్యార్థులకు మెసేజ్ పెడితే నాలుగు హార్టులు వస్తాయి, అనుమతి రాదు. ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. పేరు, వయసు, కాలేజీ, మీరు రాగలిగిన శనివారాలు, తిరిగి ఇంటికి ఎలా చేరతారు, అమ్మ లేదా నాన్న సంతకం, ఫోన్ నంబరు ఉంటే చాలు. అన్నిటికన్నా ముఖ్యం మీరు చేయగల పని. "సినిమా అంటే నాకు ప్రాణం" అని అందరూ రాస్తారు. "నాకు తెలుగు టైపింగ్ వచ్చు, సబ్‌టైటిల్స్ సరిచూడగలను" అని రాసిన ఉత్తరం ఆ అధ్యాపకుడి బల్ల మీద పైకి వస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో రాయండి, సినిమాల పట్టీ అప్పుడే వేసుకుంటారు. జనవరి దాటితే మీకూ ఇంటర్ పరీక్షలు ముంచుకొస్తాయి. రెండు వారాలైనా జవాబు రాకపోతే మీ లెక్చరర్‌ని వెంటబెట్టుకుని నేరుగా వెళ్లి కలవండి.

మాది సఖినేటిపల్లి. మా అబ్బాయికి పదిహేనేళ్లు. తాడేపల్లిగూడెంలో కాలేజీవాళ్ల ఫిల్మ్ క్లబ్బుకి వెళతానంటున్నాడు. పంపొచ్చాండీ?

రెండు సంగతులు తెలుసుకుని పంపండి.

మొదటిది, సినిమా సర్టిఫికెట్. 'ఎ' ఉంటే పద్దెనిమిది నిండనివాళ్లు చూడకూడదు, అందులో బేరం లేదు. 2023లో చట్టం మార్చాక 'యూఏ'ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. మీవాడికి 16+ అని ఉంటే అది పెద్దవాళ్లు ఆలోచించి పంపాల్సిన సినిమా అని అర్థం. విదేశీ సినిమాలకు ఒక్కోసారి మన సర్టిఫికెట్ ఉండదు. అప్పుడు ఆ అధ్యాపకుడికి ఫోన్ చేసి "పదిహేనేళ్లవాడు చూడొచ్చాండీ?" అని అడిగేయండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

రెండోది, తిరుగు ప్రయాణం. ఆరింటికి మొదలైన సినిమా, చర్చతో కలిపి తొమ్మిది దాటుతుంది. అక్కణ్ణుంచి నరసాపురం చేరేసరికి ఏ వేళవుతుందో లెక్క వేసుకోండి. ఆ రాత్రివేళ రేవులో గోదావరి దాటించే పంటు ఉంటుందని నమ్ముకోవద్దు. మధ్యాహ్నం రెండింటి ఆటకైతే పంపండి, లేదా నరసాపురం వైపు చుట్టాలింట్లో పడుకునే ఏర్పాటు చేయండి. బయటూళ్ల పిల్లలు నలుగురైదుగురు వస్తున్నారని తెలిస్తే చాలా సొసైటీలు ఆట వేళను ముందుకు జరుపుతాయి. అడగాల్సింది మనమే.

భీమవరంలో పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫిల్మ్ సొసైటీ అన్నయ్యలు సబ్‌టైటిల్స్ చేసిపెట్టమన్నారు. ఎలా మొదలుపెట్టాలి? ఇంతకుముందు ఒకటి చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి.

మీకు దొరికిన పని మంచిది. సొసైటీలో సినిమాను అందరికన్నా దగ్గరగా చూసేది సబ్‌టైటిల్స్ రాసేవాళ్లే.

మొదట వాళ్లు తీసిన పది నిమిషాల తెలుగు షార్ట్ ఫిల్ముకు ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ చేయండి. బయటి ఫెస్టివల్స్‌కు పంపాలంటే అవి కావాలి, పైగా హక్కులు వాళ్లవే కాబట్టి చిక్కు లేదు. వేరేవాళ్ల సినిమాకైతే సొసైటీ అనుమతి తెచ్చాకే చేయండి. చేసిన ఫైలు నెట్‌లో పెట్టకండి.

'సబ్‌టైటిల్ ఎడిట్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ముందు మాటలన్నీ విని రాసుకోండి. తర్వాత ప్రతి డైలాగుకూ మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం పెట్టండి. అనువాదం మొదలుపెట్టాల్సింది ఆ తర్వాతే. ఈ వరస తప్పితే ఒకే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. తెర మీద రెండు వరుసలు దాటొద్దు, వరుసకు ఐదారు తెలుగు మాటలు చాలు. ఎంత చిన్న డైలాగైనా ఒక సెకను ఉండాలి, ఎంత పెద్దదైనా ఆరేడు సెకన్లకు తీసేయాలి. మొదటిసారి పది నిమిషాల సినిమాకు రెండు సాయంత్రాలు పడుతుంది, కంగారుపడకండి.

ఇక మీ ప్రశ్నార్థకాలు. ఫైల్లో అక్షరాలను దాచే పద్ధతులు కొన్ని ఉన్నాయి. మీరు 'యూటీఎఫ్-8'గా కాక 'ఆన్సీ'గా సేవ్ చేసి ఉంటారు. ఆన్సీలో తెలుగు అక్షరాలకు చోటు లేదు. ప్రతి అక్షరం చోటా ఒక ప్రశ్నార్థకం పడిపోతుంది, మళ్లీ తెరిచినా అసలు అక్షరం తిరిగి రాదు. మొదటి ప్రతి దాచుకోకపోతే మళ్లీ టైపు చేయడమే గతి. తెర మీద కనబడే చెత్తను బట్టి జబ్బు చెప్పొచ్చు. ఖాళీ డబ్బాలు వస్తే ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదు, 'నోటో సాన్స్ తెలుగు' వేయండి. టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలు వస్తే ఫైలు బాగానే ఉంది, ప్లేయర్ తప్పుగా చదువుతోంది. సెట్టింగుల్లో యూటీఎఫ్-8 ఎంచుకోండి. గుణింతాలు, వత్తులు అక్షరాన్ని వదిలి పక్కకు పోతుంటే ఆ ప్లేయర్‌కు తెలుగు కూర్చడం చేతకాదు, ప్లేయరే మార్చాలి. మీ ఇంట్లో బాగా కనబడితే సరిపోదు. ఆ రోజు ప్రొజెక్టర్‌కు తగిలించే ల్యాప్‌టాప్‌లోనే చూసుకోవాలి.

టైమింగ్ తప్పడం రెండు రకాలు. మొదటినుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే తేలికే. వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ మీట నొక్కితే సబ్‌టైటిల్ త్వరగా పడుతుంది, హెచ్ నొక్కితే ఆలస్యంగా పడుతుంది, నొక్కినప్పుడల్లా సెకనులో ఇరవయ్యో వంతు. అలాకాక మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే, సెకనుకు 25 ఫ్రేముల (బొమ్మల) వీడియోకు చేసిన ఫైలును 24 ఫ్రేముల వీడియోకు తగిలించారన్నమాట. పది నిమిషాలకు 25 సెకన్ల తేడా వస్తుంది. ఎంతసేపు మీటలు నొక్కినా అది కుదరదు. సబ్‌టైటిల్ ఎడిట్‌లో ఫ్రేమ్ రేటు మార్చే అవకాశం ఉంది, అక్కడ సరిచేయండి.

వీటికన్నా కష్టమైనది భాష. ఇంగ్లిషు సబ్‌టైటిల్ చూసి తెలుగులోకి రాసేటప్పుడు 'యూ' అని ఉన్నచోటల్లా ఆగండి. అది నువ్వా, మీరా? బెంగాలీ సినిమా అయితే చెవి పెట్టి వినండి. ఆప్ని, తుమి, తుయి అని మూడు మెట్లున్నాయి. ఇంగ్లిషులో మూడూ ఒకటైపోతాయి. మన భాషలో మీరు, నువ్వు, ఒరే ఉన్నాయి కాబట్టి పోయినదాన్ని తిరిగి తేగలం. అంతవరకు ఆప్ని అన్న మనిషి ఒక సీన్లో తుమి అన్నాడంటే ఆ సీనంతా ఆ మాటలోనే ఉంది. తెలుగు నుంచి ఇంగ్లిషుకు పోయేటప్పుడు ఇదే చిక్కు తిరగబడుతుంది. "ఆయ్, వత్తన్నానండి" అన్న కోనసీమ పాలేరు మాటను 'యస్' అని ముగిస్తే మనిషే కనబడడు. 'యస్ సర్, కమింగ్' అంటే గౌరవం వస్తుంది, యాస రాదు. యాస పోతే పోయింది, గౌరవాన్ని మాత్రం నిలబెట్టండి. వంకర ఇంగ్లిషు రాసి పల్లెటూరి మనిషిని వెకిలిగా చేయకండి.

రామచంద్రపురంలో మా జూనియర్ కాలేజీలో యూనివర్సిటీ వాళ్ల సాయంతో ఒక పాత తెలుగు సినిమా వేశాం. బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా వచ్చింది. మొహాలన్నీ ఉబ్బినట్టున్నాయి. స్పీకర్ల నుంచి ఒకటే గుయ్యిమన్న మోత. ఎక్కడ తప్పు చేశాం?

మూడు వేర్వేరు తప్పులు ఒకే రోజు కలిశాయి.

బొమ్మ పైన విచ్చుకుందంటే ప్రొజెక్టర్ కింద ఉండి మూతి పైకెత్తి ఉంది. 'కీస్టోన్' బటన్‌తో సరిచేస్తే గీతలు తిన్నగా అవుతాయి గానీ బొమ్మ మసకబారుతుంది. దానికంటే బల్ల మీద బల్ల వేసి, తెరకు ఎదురుగా తిన్నగా చూసేలా పెట్టడం మేలు. ఎంత దూరంలో పెట్టాలో ప్రొజెక్టర్ కాగితాల్లో 'త్రో రేషియో' అని ఉంటుంది. అది 1.5 అయితే, 8 అడుగుల వెడల్పు తెరకు 12 అడుగుల దూరం. దీన్ని ముందురోజే టేపు పెట్టి కొలిచి, నేల మీద సుద్దతో గీత గీసుకోండి.

మొహాలు ఉబ్బడానికి కారణం, దాదాపు చతురస్రంగా ఉండే పాత బొమ్మను నేటి వెడల్పు తెర నిండా సాగదీయడం. మనుషులు మూడోవంతు లావెక్కుతారు. ప్రొజెక్టర్‌లో, ప్లేయర్‌లో రెండుచోట్లా 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లగా మిగిలితే మిగలనివ్వండి, ఆ సినిమా కొలతే అంత.

మోతకు ఒక పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి. మోత ఆగిందంటే ల్యాప్‌టాప్, ఆంప్లిఫయర్ వేర్వేరు గోడల్లోని ప్లగ్గుల్లో ఉండి ఉంటాయి. రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తెచ్చి చూడండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. మోత ఆపడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఉంటారు. ఆ పని చేయనివ్వకండి, చెమ్మ నేలల మీద అది ప్రాణాంతకం. పాటలు బాగా వినబడి మాటలు మాత్రం లోతులోంచి వస్తుంటే, ఆరు చానళ్ల ధ్వనిని రెండు స్పీకర్లలో వేస్తున్నారు. ప్లేయర్ ఆడియో మెనూలో 'స్టీరియో' ఎంచుకోండి.

మీరు అడగకపోయినా కరెంటు సంగతి చెప్పాలి. బల్బు ప్రొజెక్టర్ ఆపాక లోపలి ఫ్యాను ఒకటి రెండు నిమిషాలు తిరిగి చల్లబరచాలి. మధ్యలో కరెంటు పోతే వేడి లోపలే ఉండిపోయి బల్బు ఆయుష్షు తరుగుతుంది. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో ఇది తప్పదు. 300 వాట్ల ప్రొజెక్టర్‌కు 600 వీఏ యూపీఎస్ అంచు మీద ఉంటుంది, 1 కేవీఏది పెట్టుకోండి. సినిమా ఆగిపోకుండా నడిపించడానికి కాదు, ప్రొజెక్టర్‌ను పద్ధతిగా ఆపుకోవడానికి.

తెరగా పంచె కడితే వెలుతురు చాలావరకు గుడ్డలోంచి అవతలికి పోతుంది. నిగనిగలాడని తెల్ల సున్నం గోడ దానికన్నా మెరుగు. ఓటీటీ ఖాతా నుంచి నేరుగా వేద్దామనుకోకండి. సొంతానికి కట్టిన చందా బహిరంగ ప్రదర్శనకు చెల్లదు, పైగా చాలాసార్లు ప్రొజెక్టర్‌లో బొమ్మ నల్లగా వస్తుంది.

తణుకులో మేం చర్చ పెడితే ఎవరూ నోరు విప్పరు. లేదా ఒక్కరే అరగంట మాట్లాడతారు.

"సినిమా ఎలా ఉంది?" అని మొదలుపెడుతున్నారేమో. దానికి "బాగుంది" తప్ప జవాబు ఉండదు. రెండు నిమిషాల ముక్క ఒకటి మళ్లీ వేయండి. వేసి, కంటికి కనబడేదే అడగండి: ఈ సీన్లో కెమెరా ఎవరి వైపు ఉంది? గదిలో ఎన్ని చప్పుళ్లు వినబడ్డాయి? తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా లెక్కపెట్టి చెబుతాడు, అక్కణ్ణుంచి మాట కదులుతుంది. కుర్చీలు గుండ్రంగా వేయండి. మనిషికి రెండు నిమిషాలు, మొత్తం ముప్పై నిమిషాలు. వాచీ చిన్నవాళ్ల చేతికివ్వండి, పెద్దవాళ్లు వాళ్ల మాట కాదనలేరు.

యానాంలో ఉంటాం. యూనివర్సిటీ వాళ్లతో కలిసి గోదావరి మీద ఎనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయబోతున్నాం. కెమెరా ఫోనే. జాగ్రత్తలు చెప్పండి.

మీ దగ్గర నది సముద్రంతో పాటు ఊపిరి తీస్తుంది. సుమారు ఆరు గంటలు పోటు, ఆరు గంటలు పాటు. పొద్దున ఒక షాటు తీసి, భోజనాలయ్యాక దాని తర్వాతి షాటు తీస్తే పడవ అడుగున్నర కిందికి దిగి, వెనక అంతకుముందు లేని బురద గట్టు తేలుతుంది. కూర్చి చూస్తే మాట మధ్యలో నది మారిపోతుంది. ముందురోజు జాలరివాళ్లనడిగి పోటు వేళ రాసుకుని, ఒక సీన్లోని షాట్లన్నీ రెండు గంటల్లోపు ముగించండి.

రెండో శత్రువు చప్పుడు. రొయ్యల చెరువుల పక్కన, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల హోరు మన చెవికి అలవాటైపోయి వినబడదు, ఫోన్ మైకు మాత్రం మొత్తం పట్టేస్తుంది. షూటింగుకు ముందు అదే చోట, అదే వేళలో ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి. మాటల కోసం రెండో ఫోన్‌ను మనిషి నోటికి జానెడు దూరంలో, ఫ్రేములో పడకుండా పెట్టి విడిగా రికార్డు చేయండి. ఎడిటింగులో పెదవులకూ మాటకూ పోనుపోను పొత్తు కుదరకపోతే, ఫోన్ వీడియోలో సెకనుకు ఫ్రేముల సంఖ్య నిలకడగా లేదని అర్థం. 'హ్యాండ్‌బ్రేక్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్' ఎంచుకుని మార్చుకున్నాకే కత్తిరించడం మొదలుపెట్టండి. పడవెక్కే ప్రతివాళ్లకూ లైఫ్ జాకెట్ ఉండాలి, కెమెరా పట్టుకున్నవాళ్లకు మరీను. వాళ్ల కళ్లు అంచు మీద ఉండవు.

రాజోలు దగ్గర పల్లెటూరు. దగ్గర్లో యూనివర్సిటీ లేదు. మేం పన్నెండు మందిమి ఉన్నాం.

పన్నెండు మంది చాలు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి లాంటివాళ్లు నాటకాలాడిన కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు కూడా కుర్రాళ్లు పోగై నడుపుకున్నదే. మీరు చదివే కాలేజీలోనే లెక్చరర్ ఒకరి బాధ్యత మీద మొదలుపెట్టండి. పైన చెప్పిన 52వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది, చూసేవాళ్లు మీ కాలేజీవాళ్లూ వాళ్ల తల్లిదండ్రులే అయితే. ఊరందర్నీ పిలవాలనుకుంటే పాత సినిమా ఎంచుకోండి. మన చట్టంలో సినిమా కాపీరైట్, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. 1964లో వచ్చినదానికి 2024తో తీరిపోయింది. కథకు, పాటలకు హక్కులు వేరుగా ఉంటాయి, అవి రచయిత పోయాక కూడా 60 ఏళ్లు నడుస్తాయి, కాబట్టి లెక్చరర్‌తో ఒకసారి సరిచూపించుకోండి. 1955లో పెట్టిన బాలల చిత్ర సమితి సినిమాలు ఇప్పుడు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) చేతిలో ఉన్నాయి. కాలేజీ లెటర్‌హెడ్ మీద వాళ్లకు రాయండి.

తర్వాత రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో యూనివర్సిటీ సొసైటీకి కబురు పెట్టి, ఏడాదికి ఒక్కసారి వాళ్లు తీసిన షార్ట్ ఫిల్ములతో మీ కాలేజీకి రమ్మనండి. వాళ్లకు కొత్త ప్రేక్షకులు కావాలి, వస్తారు. వచ్చేవాళ్లకు భోజనం, బస్సు ఛార్జీలు మీరు చూసుకోండి. ప్రొజెక్టర్ వాళ్లనే తెమ్మనండి. పెట్టుకున్నారో లేదో వాళ్లు బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగండి, దాని పవర్ కేబులూ హెచ్‌డీఎంఐ కేబులూ కూడా.